అడవి గుంపులకు తీగ గుంజిన మా మేనత్త

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీలో ఇంటర్ పిల్లలకు పాఠం చెబుతున్నాను. క్లాసు వేళల్లో నాన్న ఎప్పుడూ ఫోన్ చేయడు. వరండాలోకి వచ్చి ఎత్తాను. "అత్త ప్రభువు దగ్గరికి పోయింది బిడ్డా" అన్నాడు. "పొద్దుగాల కంట్రోల్ రూములనే పడిపోయిందట. పక్కింటోళ్ళు భద్రాచలం దవాఖానకు తీస్కపోతుంటే తొవ్వలనే పానం పోయింది. నువ్వు జల్దీ రా" అని పెట్టేశాడు.

ఖమ్మంలో బస్సెక్కి కూర్చున్నాక కూడా నాకు ఏడుపు రాలేదు. కొత్తగూడెం దాటి అడవి మొదలయ్యాక కిటికీలోంచి చూస్తే స్తంభాల మీద నల్ల తీగలు వేలాడుతూ కనిపించాయి. అత్త పక్కన ఉంటే ఏ తీగ ఎవరిదో, ఏది బతికి ఉందో, ఏది చచ్చిందో చెబుతూ వచ్చేది. నాకు మాత్రం అన్నీ ఒకేలా ఉన్నాయి. అప్పుడు వచ్చింది ఏడుపు.

మా మేనత్త కేబుల్ టీవీ ఆపరేటర్. భద్రాచలం నుంచి పర్ణశాల పోయే దారిలో గోదావరి ఒడ్డున ఉన్న ఊరు ఆమెది. ఆ ఊరికీ, దాని వెనక అడవిలో ఉన్న చిన్న చిన్న పల్లెలకూ ఆమే టీవీ బొమ్మలు ఇచ్చేది. అడవిలోని ఆ పల్లెలను మా వైపు గుంపులంటారు. అందరూ ఆమెను కేబులక్క అని పిలిచేవారు. మీ ఊళ్ళోనూ నెలకోసారి తలుపు తట్టి, "బొమ్మ మంచిగొస్తున్నదా?" అని అడిగి పోయే మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆ మనిషి రావడం ఎప్పుడు మానేశారో మీకూ గుర్తుండకపోవచ్చు.

అత్త పెళ్ళయి ఆ ఊరికి వెళ్ళేనాటికి మామ ఎస్టీడీ బూత్ నడిపేవాడు. పసుపు రంగు బోర్డు, అద్దాల గది, లోపల ఒక స్టూలు. గుంపుల నుంచి మనుషులు నడిచి వచ్చి హాస్టళ్ళలో ఉన్న పిల్లలతో, మిరప కోతలకు వలసపోయిన వాళ్ళతో మాట్లాడేవారు. వినికిడి సరిగా లేని ముసలివాళ్ళకు అత్త రిసీవర్ తన చెవికి పెట్టుకుని, అవతలి మాట విని, గట్టిగా తిరిగి చెప్పేది. మంచి వార్తలూ ఆమె నోటితోనే, చావు కబుర్లూ ఆమె నోటితోనే. "తీగకు రెండు దిక్కుల మనిషి ఉండాలె, లేకుంటే అది ఉత్త ఇనుము" అనేది. ఆ మాట ఆమె ఆ బూత్‌లోనే నేర్చుకుందనుకుంటాను.

తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి. బూత్ చూస్తుండగానే ఖాళీ అయింది. మామ కొన్నాళ్ళు గడప మీద దిగులుగా కూర్చుని, చివరికి లేచి డాబా మీద డిష్ యాంటెన్నాలు, ఇంటి ముందు గదిలో మెషిన్లు పెట్టాడు. ఆ గదే కంట్రోల్ రూము. అడవి అంచు దాకా స్తంభాల మీద, చెట్ల మీద కేబుల్ లాగాడు. ఒక లైన్‌మన్‌ను పెట్టుకున్నాడు. వ్యాపారం నిలదొక్కుకుంటున్న సమయంలోనే కామెర్లు వచ్చి పోయాడు. వాళ్ళకు పిల్లలు లేరు. కేబుల్ అమ్మేసి పుట్టింటికి రమ్మని నాన్న బతిమాలాడు. అత్త సమాధుల తోట నుంచి వచ్చిన వారానికే మామ ప్యాంటు తొడుక్కుని, పైన చీర మోకాళ్ళ దాకా ఎగదోపి స్తంభం ఎక్కింది. కింద నిలబడి నవ్విన వాళ్ళు ఉన్నారు. ఆ రాత్రి వాళ్ళ ఇళ్ళలో కూడా బొమ్మ వచ్చింది.

ఆమెతో రోడ్డు మీద నడవడం కష్టం. తల ఎప్పుడూ పైకే ఉండేది. ఖమ్మం ఖానాపురం హవేలిలో మా ఇంటికి వచ్చినప్పుడు సందు మొదట్లో ఆటో దిగి, స్తంభానికి వేలాడుతున్న తీగల గుంపును చూస్తూ నిలబడిపోయేది. "ఎవరో గానీ ముడి మంచిగ ఏసిండు" అనో, "ఈడెవడో, వాన పడితే తెల్లారినట్టే" అనో గొణిగేది. చేతి సంచిలో బైబిలు, షుగరు మాత్రల డబ్బా, కట్టర్, టేపు. చర్చికి పోయినా ఆ సంచే.

ఊరి వాళ్ళకు ఆమె గొంతు కూడా తెలుసు. సొంతంగా ఒక చిన్న లోకల్ ఛానల్ నడిపేది. సాయంత్రం పూట తనే మైకు ముందు కూర్చుని చదివేది. ఫలానా వారి గేదె తప్పిపోయింది, రేషన్ ఎప్పుడిస్తారు, ఫలానా వారి ఇంట్లో పెళ్ళి. భద్రాద్రి కల్యాణం నాడు గుడి ముందు నుంచి, క్రిస్మస్ నాడు చర్చి లోపలి నుంచి కెమెరా తనే పట్టుకుని చూపించేది. వానాకాలంలో గోదావరి పెరుగుతుంటే మొదటి ప్రమాద హెచ్చరిక, రెండో హెచ్చరిక అని గంట గంటకూ ఆమె గొంతే వినిపించేది. ఒక ఏడు వరద ఊళ్ళోకే వచ్చింది. మూడో హెచ్చరిక చదువుతుండగా నీళ్ళు ఆమె కంట్రోల్ రూము గడప దాటాయి. మెషిన్లు బల్ల మీదికి ఎక్కించి, కరెంటు తీసేసేదాకా చదివి అప్పుడు లేచింది.

ఆ వరద తర్వాతే అసలు కష్టం మొదలైంది. నిజానికి అంతకు ముందునుంచే ఒక్కొక్కటిగా వస్తూ ఉన్నాయి. ఇంటింటికీ సొంత డిష్‌లు వచ్చాయి. ఇంటికో సెట్‌టాప్ బాక్సు ఉండాలని సర్కారు వాళ్ళన్నారు. ఛానళ్ళ వాళ్ళు రేట్లు పెంచితే ఊరి వాళ్ళు తిట్టింది అత్తనే. ఫోన్‌లో డేటా చవకైపోయి పిల్లలు టీవీ ముందు కూర్చోవడం మానేశారు. అన్నిటికీ ఆమె ఏదో ఒక ఉపాయం వెతుక్కుంది. తనూ ఇంటర్నెట్ ఇస్తానని మెషిన్లు కొంది, ఆ పని నేర్చుకుంది. కానీ వరదకు ఒడ్డు వెంట ఉన్న లైన్లన్నీ కొట్టుకుపోయాయి. ఆమె, లైన్‌మన్ కలిసి బురదలో తీగలు ఏరుకుంటూ ఉండగానే ఒక పెద్ద కంపెనీ ఊళ్ళోకి ఫైబర్ తెచ్చింది. మొదటి నెలలు ఉచితం. టీవీ, ఫోను, ఇంటర్నెట్ అన్నీ ఒకే తీగలో.

ఆ రోజుల్లోనే ఒకసారి మా ఇంటికి వచ్చింది. ఏదో మీటింగని ఖమ్మం వచ్చానంది. చిన్న ఆపరేటర్లందరూ కలిసి కొట్లాడదామని పిలిచిన మీటింగ్. "హాలు సగం గూడ నిండలే" అంది. "వచ్చినోళ్ళల్ల సగం మంది అప్పటికే అమ్ముకున్నరు. మొహమాటానికి వచ్చిండ్రు." అన్నం ముందు పెట్టుకుని తినలేదు. బల్ల మీద నా కామర్స్ పుస్తకం ఉంటే దాన్ని చూపించి అడిగింది.

"పిల్లలకు ఏం పాఠం చెప్తున్నవు బిడ్డా?"

"పోటీ గురించి అత్తా. పోటీ ఉంటే రేట్లు తగ్గుతయి, సర్వీసు మంచిగుంటది, కొనేటోళ్ళకు లాభం అని."

"నిజమే. నేను గూడ ఫోన్ల డేటా ఏస్కొని పాస్టర్ల ప్రసంగాలు ఇంటనే ఉన్న గదా. మరి పోటీల ఓడినోళ్ళ సంగతి ఏం రాసిండ్రు?"

"మార్కెట్ నుంచి నిష్క్రమిస్తరు అని రాసిండ్రు."

"అంటే ఏంది?"

"బయటికి పోవుడు."

"యాడికి?"

ఆమె వెటకారంగా అడగలేదు. నేను చదువుకున్నదాన్ని కాబట్టి నాకు తెలిసే ఉంటుందని నిజంగానే అడిగింది. పుస్తకంలో లేదని చెప్పాను. తల ఊపి, "ఉత్తగ ఇచ్చేటోనితోని ఎట్ల కొట్లాడుతం?" అని తనలో తను అనుకుంటూ అన్నం కలిపింది. ఆ తర్వాత కూడా ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. నిష్క్రమణ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి గబగబా చదివేసి పేజీ తిప్పేస్తాను.

కంపెనీ వాళ్ళు ఆమెను ముందు మంచిగానే అడిగారు. ఏరియా మేనేజర్ కారులో వచ్చి, మీ కనెక్షన్లన్నీ మాకు అప్పగించండి, మిమ్మల్నే మా ఫ్రాంచైజీగా పెడతాం, జీతంలా నెల నెలా వస్తుంది అన్నాడు. నేను ఆ రోజు సెలవుకు అక్కడే ఉన్నాను. అత్త అతనికి చాయ్ ఇచ్చి అడిగింది.

"గుంపులకు గూడ మీ తీగ గుంజుతరా సార్?"

"అక్కడ ఇళ్ళు తక్కువ మేడమ్. అంత దూరం ఫైబర్ వేస్తే మాకు గిట్టుబాటు కాదు."

"మరి ఇప్పుడు నాయి ఉన్నయి గదా. అవి ఉంచుతరా?"

"రెండు లైన్లు మెయింటెయిన్ చెయ్యలేం మేడమ్. పాతది తీసేయాల్సిందే."

"గట్లయితే వద్దు సార్. సగం మందిని అడవిల ఇడిసిపెట్టి నేనెట్ల పోత?"

అతను చెడ్డవాడేమీ కాదు. చాయ్ బాగుందని చెప్పి, ఇంకోసారి ఆలోచించుకోమని వెళ్ళాడు. నాకైతే ఆమె ఒప్పుకుంటే బాగుండనిపించింది. అదే అన్నాను. "నాకు గూడ గట్లనే అనిపిస్తున్నది" అంది అత్త, గ్లాసులు తీస్తూ. "రాత్రంతా గట్లనే అనిపిస్తది. తెల్లారి గుంపుల నుంచి ఎవరో ఒకరు ఫోన్ చేస్తరు, బొమ్మ పోయిందని. ఇగ పోవాలె గదా."

తర్వాత వీధి వీధీ జారిపోయింది. అత్త ఇంటింటికీ తిరిగింది. కనెక్షన్ తీసేసిన గడపల ముందు నిలబడి, "ఏమన్న లోటు చేసిన్నా?" అని అడిగింది. లోటేమీ లేదక్కా, పిల్లలకు నెట్ కావాలి అన్నారు కొందరు. వాళ్ళదీ తప్పేం కాదు. నా ఇంట్లో ఉన్నదీ ఫైబరే. కొందరు టీవీ సౌండు తగ్గించి, ఇంట్లో లేనట్టు ఉండిపోయారు. పెళ్ళయి ఆ ఊరికి వచ్చినప్పటి నుంచి అత్త ఎరిగిన ఒక రిటైర్డ్ టీచరు గేటు తీయలేదు. కిటికీ తెర కదలడం ఆమె చూసింది. "నిలబడ్డ బిడ్డా. ఇంకొంచెం సేపు నిలబడ్డ. ఎందుకు నిలబడ్డనో నాకే తెల్వదు" అని ఫోన్‌లో చెప్పి ఏడ్చింది. మామ పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవడం నేను వినలేదు.

చివరికి లైన్‌మన్ కూడా వెళ్ళిపోయాడు. మామ పెట్టుకున్న మనిషి. అత్తను సొంత అక్కలా చూసినవాడు. కంపెనీలో చేరతానని చెప్పడానికి వచ్చి వాకిట్లో చాలాసేపు చెప్పులు విప్పకుండా నిలబడ్డాడట. అత్తే అందట, "పో తమ్మీ. ఆడ పీఎఫ్ ఉంటది. నీకు ముగ్గురు ఆడపిల్లలు."

ఆ తర్వాత జరిగింది అత్త నాకు ఎన్నడూ చెప్పలేదు. సమాధుల తోటలో ఆమె పెట్టె మీద మట్టి వేసి అందరూ కదిలాక, ఆ లైన్‌మన్ నా పక్కన నిలబడి చెప్పాడు.

కంపెనీ వాళ్ళు అత్త ఉండే వీధిలో ఫైబర్ వేయడానికి అతన్నే పంపారట. కొత్త తీగ వేసేటప్పుడు స్తంభం మీది పాత తీగలు అడ్డమొస్తే కోసేయమని పైనుంచి మాట. అంతకు ముందు రెండు వీధుల్లో అత్త లైన్లు అలాగే తెగిపోయాయి. ఎవరు కోశారని అడిగితే ఎవరూ చెప్పలేదు. ఆ రోజు అతను స్తంభం మీద ఉండగా అత్త కట్టర్ పట్టుకుని ఇంట్లోంచి వచ్చింది.

"మొకం చూస్తెనే భయమైంది" అన్నాడు. "ఇయ్యాల అక్క కంపెనీ తీగ కోస్తది, నన్ను గూడ తిడ్తది అనుకున్న. నేను దిగుదామని తిరిగేటాలకు నిచ్చెన జారింది. నేల బురదగుండె. పడితె కింద సిమెంటు మోరీ కాలువ."

"మరి?"

"ఉరికొచ్చి నిచ్చెన పట్టుకున్నది. కట్టర్ ఆడనే పడేసింది. 'నిచ్చెన సరిగ ఆనలే తమ్మీ, చూస్కోవా? నేను పట్టుకుంట, నువ్వు కానియ్' అన్నది."

"నువ్వేం చేసినవు?"

"కానిచ్చిన. ఏం జేస్త? ఫైబర్ కట్టిన. అక్క తీగ మాత్రం కొయ్యలే. పక్కకు జరిపి కట్టిన. కింద అక్క నిచ్చెన రెండు చేతుల పట్టుకొని మీదికి చూసుకుంటనే ఉన్నది. పని అయినంక కట్టర్ తీస్కొని ఇంట్లకు పోయింది." అతను కండువాతో మొహం తుడుచుకున్నాడు. "తెల్లారి నా మీది సార్ వచ్చి ఇంకొకర్ని ఎక్కించి అక్క తీగ కోపిచ్చిండు."

అలా ఆమె ఉండే వీధిలోనే ఆమె తీగ లేకుండా పోయింది. మిగిలినవి ఇంటి వెనక నుంచి అడవి వైపు వెళ్ళే లైను, గుంపులు. అక్కడికి ఏ కంపెనీ రాలేదు, టవర్ సిగ్నల్ కూడా చెట్టెక్కితే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. ఆ కొద్ది ఇళ్ళ కోసం అత్త ఒక్కతే ఆటోలో కొంత దూరం, తర్వాత కాలినడకన పోయేది. షుగరు వల్ల కాలి పుండు మానేది కాదు. నాన్న ఫోన్ చేసి కోప్పడేవాడు. నేనూ చెప్పేదాన్ని. "మూసెయ్ అత్తా. మా ఇంటికి రా. నీకు నేనున్న గదా." ఆమె ప్రతిసారీ వస్తానంది. "ఈ వానాకాలం పోనియ్" అంది. "క్రిస్మస్ పోనియ్" అంది.

పోయిన క్రిస్మస్‌కు వెళ్ళాను. సాయంత్రం కంట్రోల్ రూములో అత్త ఎప్పటిలాగే మైకు ముందు కూర్చుని ఉంది. చదవడానికి ప్రకటనలేమీ లేవు. ఎవరు ఇస్తారు? అయినా ఆమె మెల్లగా మాట్లాడుతోంది. చలి ఎక్కువగా ఉంది, పసిపిల్లలను జాగ్రత్తగా చూసుకోండి. చర్చిలో ఆరాధన ఫలానా వేళకు. పశువులను అడవిలో విడిచిపెట్టకండి. నేను వెనక స్టూలు మీద కూర్చుని విన్నాను. మైకు ఆపాక అడిగాను.

"ఎంతమంది చూస్తరు అత్తా ఇప్పుడు?"

"తెల్వదు."

"ఎవరు చూడకపోతె?"

మెషిన్ల మీద దుమ్ము కొంగుతో తుడిచింది. "నాకు భయమైతది బిడ్డా" అంది చివరికి. "ఇది ఆపిన్ననుకో, రేపు పొద్దుగాల లేచి ఏం చెయ్యాలె? నేను ఎవర్ని?" మళ్ళీ తనే, "నీకు చెప్పుడు తప్పు. పిల్లవు" అని నా తల నిమిరింది. నాకు ముప్పై దాటాయి. ఆ మాటకు నవ్వుకున్నాం ఇద్దరం. మేమిద్దరం కలిసి నవ్వింది అదే చివరిసారి.

ఆమె నాకు బోధించినదేమీ లేదు. నేను చిన్నప్పుడు సెలవులకు వెళ్తే నన్ను స్తంభాల దగ్గరికి తీసుకుపోయి, తెల్లటి కనెక్టరు ముక్కలు ఏరి ఆడుకోవడానికి ఇచ్చేది. ఇంటర్‌లో ఫెయిలైనప్పుడు మాత్రం అందరూ తిడుతుంటే, "సిగ్నల్ పోతె టీవీని కొడ్తమా? ఏడ తెగిందో చూడాలె" అంది నాన్నతో. మళ్ళీ చదివించింది. ఇవాళ నేను నలుగురికి పాఠం చెబుతున్నానంటే, ఆ మాట నాన్న విన్నాడు కాబట్టే.

ఆమెను మామ పక్కనే పెట్టాం. ఇంటికి తిరిగి వచ్చేసరికి కంట్రోల్ రూములో ఫ్యాన్లు, మెషిన్లు ఇంకా గుయ్యిమని తిరుగుతూనే ఉన్నాయి. వాటితో ఏం చేయాలో మాలో ఎవరికీ తెలియదు. లైన్‌మన్ గడప దాకా వచ్చి, లోపలికి రాకుండా వెళ్ళిపోయాడు. నాన్న గోడ దగ్గర కాసేపు నిలబడి, మెయిన్ స్విచ్ దించాడు. ఆ చప్పుడు ఆగిపోయాక ఇంట్లో మాట్లాడుకోవాలంటే గొంతు తగ్గించాల్సి వచ్చింది.

కొన్ని రోజుల తర్వాత అత్త జ్ఞాపకార్థం ఆదరణ కూడిక పెట్టాం. పాస్టరు గారు ప్రార్థన చేశారు, వచ్చినవాళ్ళు భోంచేశారు. ఫైబర్ పెట్టించుకున్న వాళ్ళు కూడా వచ్చారు, గేటు తీయని టీచరు గారు కూడా వచ్చి ఒక మూల కూర్చున్నారు. అందరూ వెళ్ళాక ఆకులు ఎత్తుతుంటే వాకిట్లో ఒక ముసలమ్మ నిలబడి ఉంది. అడవి గుంపు మనిషి. కాళ్ళకు మోకాళ్ళ దాకా ఎర్ర దుమ్ము. చంకలో తువ్వాలలో చుట్టిన సెట్‌టాప్ బాక్సు.

"కేబులక్క లేదా?" అంది. "బొమ్మ వస్తలేదు. శానా దినాలాయె. ఫోన్ చేపిస్తే ఎత్తుతలేదు. డబ్బ ఖరాబైందేమోనని తెచ్చిన."

నాన్న నా వైపు చూశాడు. నేను దగ్గరికి వెళ్ళి చెప్పాను.

ఆమె విన్నది. అర్థమైందో లేదో నాకు తెలియలేదు. కూర్చోమంటే గోడకు ఆనుకుని కూర్చుంది. అన్నం పెడితే వద్దంది. నీళ్ళు తాగింది. బాక్సు తీసుకోబోతే ఇవ్వలేదు. అడవి వైపు పోయే ఆటో సాయంత్రానికి గానీ లేదు. అది వచ్చేదాకా, తువ్వాల విప్పని ఆ డబ్బాను ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద ఆనించి, మూసి ఉన్న కంట్రోల్ రూము తలుపు వైపు చూస్తూ అక్కడే కూర్చుంది.